కోత పండుగ వేలంలో గంగమ్మ మేకపోతు

దేవుడికి నా గొంతుతో ఏడాదికి ఒక్కసారే పని పడుతుంది, కోత పండుగ నాడు. మిగతా రోజుల్లో ఆ గొంతు ఆటో మీద మైకు కట్టుకుని తెనాలి వీధుల్లో తిరుగుతూ ఉంటుంది. పట్టుచీరల తగ్గింపు, కొత్త టిఫిన్ సెంటరు, తప్పిపోయిన గేదె, ఈ ఆదివారం వస్తున్న మోకాళ్ళ డాక్టరు, అన్నీ నా నోటి మీదుగానే ఊళ్ళోకి వెళ్ళాలి. ఏడో తరగతిలో లెక్కల మేష్టారు నన్ను బెంచీ ఎక్కించి, "నోరు తప్ప నీకు ఇంకేం లేదురా" అన్నారు. ఆయన తిట్టాననుకున్నారు. నేను మాత్రం దారి చూపించారనుకుని ఆ ఏడే బడి మానేశాను.

కోత పండుగ ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. చర్చికి వచ్చేవాళ్ళు పండించినదాంట్లోనూ పెంచినదాంట్లోనూ కొంత తెచ్చి దేవుడికి ఇస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, ధాన్యం, కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలోనే వేలం వేస్తారు. పాడుకున్న వస్తువును ఇంటికి పట్టుకెళ్ళినవాడు మామూలు భక్తుడు. "మళ్ళీ దేవుడికే" అని తిరిగి బల్ల మీద పెట్టినవాడు పెద్ద భక్తుడు. మా వైపు పెద్ద భక్తులు ఎక్కువ. ఒక ఏడాది ఒకే కోడిపెట్టను అన్నిసార్లు అమ్మాను, దానికి విసుగొచ్చి బల్ల మీదే గుడ్డు పెట్టింది. గుడ్డును విడిగా పాటకు పెట్టాను.

నా భార్య ప్రతి ఆదివారం చర్చికి వెళుతుంది. నేను క్రిస్మస్‌కి వెళతాను, అదీ కేకు కోసమని ఆవిడ అభిప్రాయం. పెళ్ళికి ముందు మా ఇంట్లో గంగమ్మకు నైవేద్యం పెట్టేవాళ్ళు. కాబట్టి రెండు వైపులా తినడానికి ఏం దొరుకుతుందో, రెండు వైపులా ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు బాగానే తెలుసు.

ఈ మధ్య తుఫాను వచ్చిన ఏటి సంగతి ఇది. రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే ఒక చేపల పల్లె ఉంది. ఉండేది అనాలేమో. గాలికి కప్పులు పోతే మళ్ళీ వేసుకోవచ్చు. ఆసారి అల వచ్చి ఒడ్డునే కొరుక్కుపోయింది. గుడిసెలు నిలబడిన ఇసుక లేదు. పడవలు కొన్ని విరిగాయి, కొన్ని కనబడలేదు. వాళ్ళందరినీ తెచ్చి రేపల్లెలో మా వాళ్ళ చర్చి వెనక ఉన్న బడి గదుల్లో పెట్టారు.

అంతకు ముందే వాళ్ళ పొయ్యిలు సగం ఆరిపోయి ఉన్నాయి. ఎక్కడో పై దేశం వాడు సుంకం పెంచాడని ఇక్కడ రొయ్య ధర పడిపోయింది. ధర పడిందని చెరువుల ఆసాములు తలలు పట్టుకున్నారు. తలలు పట్టుకున్న ఆ చేతులతోనే రొయ్యలు ఒలిచే షెడ్లకు తాళాలు వేశారు. మగవాళ్ళు వేటకు, ఆడవాళ్ళు షెడ్డుకు వెళ్ళి బతికే పల్లెలో ఒక కాలు రొయ్య విరగ్గొడితే రెండో కాలు తుఫాను విరగ్గొట్టింది.

అప్పుడు మా చర్చిల సహాయ కమిటీకి బాధితుల మీద జాలి కలిగింది. జాలి కలిగితే ముందు మీటింగు పెట్టాలి. బాపట్లలో సెక్రటరీ గారింట్లో పెట్టారు. ఆయన రిటైరైన ఆఫీసరు. రిటైరైన సంగతి ఆయనకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. సౌండు మాట్లాడుకోవడానికి నన్నూ రమ్మన్నారు. జీడిపప్పు బిస్కెట్లు, టీ, ప్రార్థన అయ్యాక సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు.

"ఈసారి కోత పండుగ రేపల్లెలోనే చేద్దాం. వేలం మీద వచ్చిందంతా బాధితులకే. మన సాయం కనపడాలి."

"అందాలి కదండీ సార్, ముందు?" అన్నాను.

"కనపడితే అందినట్టేనయ్యా. నువ్వు సౌండు సంగతి చూడు."

తర్వాత ఫ్లెక్సు గురించి చాలాసేపు చర్చ జరిగింది. ఎవరి ఫోటో ఎవరి పక్కన, ఎవరిది పెద్దది, ఎవరిది గుండ్రంగా. బాధితులకు ఏం కావాలన్నదాని మీద అంత చర్చ అవసరం పడలేదు. ఆ సంగతి బిస్కెట్ల పళ్ళెం ఖాళీ అయ్యేలోపే తేల్చేశారు: బియ్యం, బకెట్టు, దుప్పటి. చివరికి ఫ్లెక్సు మీద కమిటీ అంతా సర్దుకున్నాక బాధితులకు ఒక మూల మిగిలింది. మనిషి పట్టడు కనక జోడించిన రెండు చేతులు వేశారు. అవి కూడా నెట్‌లో దొరికిన చేతులు. మోచేతి దాకా ఎర్ర గాజులున్నాయి. ఆ గాజులు మన వైపు ఎవరూ వేసుకోరు.

బియ్యం తెనాలిలో ఒక మిల్లు ఆయన ఇచ్చాడు. ఆయన హిందువు. అడగ్గానే, "తీసుకెళ్ళండి, తినేవాడికి మతమేంటి" అని సంచులు లారీకి ఎత్తించాడు. సెక్రటరీ గారు బాపట్ల నుంచి వచ్చి కారు దిగి లారీ చుట్టూ ఒకసారి తిరిగి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ప్రతి సంచీ మీదా తామర పువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి ఉంది.

"ఇవి చర్చి ఆవరణలోకి ఎలా వస్తాయయ్యా?" అన్నారు.

"లారీలో సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. సంచులు దింపించి, టార్పాలిన్ పరిపించి, బియ్యం కుమ్మరించి, సంచులు లోపలివైపు బయటికి తిప్పించి మళ్ళీ నింపించారు. పొద్దున మొదలుపెట్టిన పని మధ్యాహ్నం దాకా సాగింది. గాలి సగం దుమ్ము కలిపింది. మిల్లు కోళ్ళు ఆ రోజు పండగ చేసుకున్నాయి. మిల్లు ఆయన గుమ్మంలో నిలబడి చూస్తూ, "అమ్మవారిని లోపలికి తిప్పారా? పోన్లేండి, లక్ష్మి లోపలుంటేనే మంచిది" అన్నాడు.

ఆ సంచులు గుర్తుంచుకోండి. తర్వాత నాకు పనికొచ్చాయి.

పండుగ నాటి పొద్దున్నే రేపల్లె చేరి మైకులు కడుతున్నాను. బడి గది కిటికీలోంచి ఒకావిడ తల బయటికి పెట్టింది. వయసు యాభై దాటి ఉంటుంది. చేపల గంప మోసిన మెడ, రొయ్యలు ఒలిచిన వేళ్ళు.

"ఏం తమ్ముడూ, ఆ గొట్టం మా కిటికీ వైపే తిప్పాలా? గాలివానకి పోని చెవులు నీ గోలకి పోవాలా?"

"మీ కోసమే అక్కా ఈ పండగ."

"మా కోసమైతే మమ్మల్ని వెనక్కెళ్ళి కూర్చోమన్నారేంటి?"

నేను గొట్టం తిప్పాను. నా గొంతుకు మైకు కావాలి, ఆవిడ గొంతుకు అక్కర్లేదు. అంతలో టిఫినుకు పిలిస్తే గేటు బయటికి వెళ్ళాను. నేను రెండో పెసరట్టు మీద ఉండగా లోపల జరిగిన సంగతి తర్వాత ఆవిడ నోటే విన్నాను.

ఆవిడకో మేకపోతు ఉంది. నల్లటి పోతు, ఒక చెవి తెలుపు, కింద పొడుగాటి గడ్డం. తుఫాను నాడు ఇంట్లోంచి బయటపడింది ఆవిడ, ముసలి మామ, ఆ పోతు. దాన్ని బడి వరండా స్తంభానికి కట్టుకుంది. సెక్రటరీ గారు కారు దిగుతూనే అది చూశారు.

"ఈ మేకేంటి ఇక్కడ? గెస్టులొస్తున్నారు. ఆ వేపచెట్టు కింద కట్టెయ్ పో."

ఆవిడ వేపచెట్టు కింద కట్టేసి, దానికి మేత కోసం ఊరవతల కాలవ గట్టు మీద అవిశాకు కోసుకురావడానికి వెళ్ళింది. కాసేపటికి భక్తులు రావడం మొదలైంది. తెచ్చిన గెలలూ కోళ్ళూ గుమ్మడికాయలూ ఎక్కడ పెట్టాలని అడిగితే అదే సెక్రటరీ గారు అదే వేపచెట్టు చూపించారు. ఆరాధన అయ్యాక అదే వేలు పెట్టి, "చెట్టు కింద ఉన్నవన్నీ స్టేజీ దగ్గరికి తెండి" అని వాలంటీర్లకు చెప్పారు. ఒక్క వేలు, మూడు ఆజ్ఞలు. ఆఫీసరు అంటే అలా ఉండాలి.

ఉపన్యాసాలు చాలాసేపు సాగాయి. మీ కన్నీళ్ళు తుడవడానికి వచ్చామని ఒకాయన చెబుతున్నంతసేపూ, బాధితుల పిల్లలు ఫ్యానుకు అడ్డం వస్తున్నారని ఇంకొకాయన వాళ్ళను పక్కకు తోస్తున్నాడు. బియ్యం, బకెట్టు, దుప్పటి స్టేజీ మీద గుట్టగా పోసి ఉన్నాయి. గెస్టులందరూ మాట్లాడాకే పంచాలట. బకెట్లు ఏం వింటున్నాయో గానీ వెనక కూర్చున్న జనం మాత్రం వాటినే చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరాడవాళ్ళ కళ్ళు బకెట్ల మీద కూడా లేవు, స్టేజీ వెనక కట్టిన పెద్ద ఫ్లెక్సు మీద ఉన్నాయి. ఇంటి కప్పుకు వస్తుందా రాదా అని జానలతో కొలుచుకుంటున్నారు.

నా వంతు వచ్చింది. గుమ్మడికాయలు అమ్మాను. గెలలు అమ్మాను. జనం నవ్వారు, పాడారు. అంతలో వాలంటీర్లు ఒక నల్ల పోతును లాక్కొచ్చారు. మెడలో బంతిపూల దండ వేశారు. అది సగం దండ అప్పటికే తినేసింది.

"చూడండి అమ్మా, చూడండి అయ్యా. గడ్డం చూస్తే కమిటీ మెంబరు. మేత చూస్తే కూడా కమిటీ మెంబరే. ఎవరు పాడతారు?"

మొదటాయన పాడుకుని మళ్ళీ దేవుడికే అన్నాడు. రెండో ఆయనా అంతే. మూడోసారి రంగంలోకి చెరువుల ఆసామి దిగాడు. రొయ్య ధర పడిపోయిందని షెడ్డు మూసేసిన మనిషి. రొయ్య ధర పడింది గానీ ఆయన పాట మాత్రం పడలేదు. పై చెయ్యి ఎవరిదో తెలిసేదాకా పెంచుకుంటూ పోయాడు. గట్టి విశ్వాసి అని ఆయనకు పేరు. ఎవరింట్లోనైనా ప్రసాదం పెడితే ఠక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటాడు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో లడ్డూలు పంచే కుర్రాళ్ళు ఆయన చేతుల్ని చూసే ఆయన్ని గుర్తుపడతారు.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాను. ఆయన నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఈ మేకను నేను ఇంటికి తీసుకెళ్ళను. రేపు మధ్యాహ్నం మన బాధిత సోదరులకు దీనితోనే భోజనం పెట్టిస్తున్నాను."

చప్పట్లు. సెక్రటరీ గారు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఫోటో తీశారు. వంటవాణ్ణి పిలిచారు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఒక కేక వినిపించింది.

"ఎవడ్రా నా పోతుకి దండేసింది?"

పొద్దుటి కిటికీ అక్క. చంకలో అవిశాకు మోపు. జనం దారిచ్చారు, ఆ గొంతుకు ఎవరైనా ఇవ్వాల్సిందే. ఆవిడ స్టేజీ దగ్గరికి వచ్చేసరికి పోతు తాడు తెంచుకునేంత పని చేసింది. మూడుసార్లు అమ్ముడుపోయిన సంగతి పాపం దానికి తెలీదు.

సెక్రటరీ గారు చాలా మెత్తగా మొదలుపెట్టారు. "అమ్మా, ఇది దేవుడికి సమర్పించినది."

"ఎవరు సమర్పించారండీ?"

"వేపచెట్టు కింద పెట్టినవన్నీ సమర్పణలే."

"చెట్టు కింద కట్టమంది తమరేగా? కళ్ళు కనపడని మా మామ కూడా పొద్దుట్నించీ ఆ చెట్టు కిందే కూర్చున్నాడు. ఆయన్ని కూడా అమ్మేశారా?"

జనంలో నవ్వు. సెక్రటరీ గారి చెవులు ఎర్రబడ్డాయి. "ఒకసారి దేవుడి బల్ల మీదికి వచ్చింది వెనక్కి వెళ్ళదమ్మా. అయినా నీకు నష్టమేముంది? రేపు ఆ కూర పెట్టేది మీకేగా."

"నా పోతుని కోసి నాకే పెడతారా? పెట్టినందుకు మళ్ళీ నేనే దణ్ణం పెట్టాలా?"

ఆసామి కల్పించుకున్నాడు. "పోనీలేవే, ఒక్క మేకకి ఇంత గొడవేంటి? షెడ్డు తెరిచాక నీకు పనిస్తాలే."

"మీ షెడ్డు తాళం తుప్పు పట్టింది బాబుగారూ. రేపు తాళం చెవి దొరికినా తిరగదు."

అందరూ అయ్యగారి వైపు చూశారు. అయ్యగారంటే రేపల్లె చర్చి పాస్టరు గారు. మెత్తటి మనిషి. ఎంత మెత్తన అంటే, కమిటీ ఎటు నొక్కితే అటు గుంట పడుతుంది. ఆయన చేతులు నలుపుకుని, "ప్రార్థనలో పెడదాం" అన్నారు. మా చర్చిలో ఆ మాటకు కుదరదని అర్థం.

ఆవిడ అప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చింది. మొదటిసారి గొంతు తగ్గించింది.

"తమ్ముడూ, అమ్మింది నువ్వేగా, నువ్వే ఇప్పించు. గాలివాన రోజు మా అబ్బాయి వేటలో ఉన్నాడు. పడవలు తిరిగొచ్చాయి, వాడి పడవ రాలేదు. ఒడ్డు మీద నిలబడి మొక్కుకున్నాను, వాణ్ణి నాకిస్తే ఈ పోతు నీదేనని. వచ్చాడయ్యా. విరిగిన పడవ పట్టుకుని ఈదుకుంటా వచ్చాడు. ఇచ్చిన మాట తీరకుండా వాణ్ణి మళ్ళీ నీళ్ళలోకి ఎలా దింపను? దిగకపోతే ఏం తింటాం?"

"ఎవరికి మొక్కావక్కా?"

"సముద్రం మీద ఇంకెవరుంటారు?"

చెప్పొద్దూ, నాకు ముందుగా తెనాలి మిల్లు దగ్గర తిరగేసిన సంచులు కళ్ళముందు మెదిలాయి. తర్వాత ఆసామి చేతులు. విగ్రహాలకు పెట్టింది ముట్టకూడదన్న నియమం మా వాళ్ళకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. మా అమ్మ పంపిన గుడి పులిహోర పదిహేనేళ్ళుగా మా ఇంటి గుమ్మం దాటలేదు, గుమ్మం బయటే నిలబడి నేనొక్కణ్ణే తింటున్నాను.

మైకు తీసుకున్నాను.

"అమ్మా, అయ్యా. పాట ముగిసింది గానీ ఒక మాట మిగిలింది. అమ్మే సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం వేలంవాడి ధర్మం. కొన్నాయన కూడా వినాలి. అక్కా, అందరికీ వినపడేలా చెప్పు. ఈ పోతు ఎవరిది?"

మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాను. ఇంత చిన్న సంగతి కూడా తెలీదా అన్నట్టు నా వైపు చూసి చెప్పింది.

"గంగమ్మది. మా అబ్బాయి ప్రాణానికి మొక్కింది."

నాలుగు గొట్టాల్లోంచి గంగమ్మ పేరు చర్చి గోడకు తగిలి తిరిగొచ్చింది. నా సౌండు అంత స్పష్టంగా ఎప్పుడూ పలకలేదు.

ఆసామి రెండు చేతులూ ఠక్కున వెనక్కి వెళ్ళాయి. పోతు తాడు పట్టుకున్న వాలంటీరు చేతిలో పామున్నట్టు తాడు వదిలేశాడు. వంటవాడు, "నేను ముట్టను సార్, మా ఇంట్లో రానివ్వరు" అని కత్తి సంచిలో పెట్టేసుకున్నాడు. దేవుడి బల్ల మీదికి వచ్చింది వెనక్కి వెళ్ళదన్నవాళ్ళే బల్లకు దూరంగా జరిగారు.

"ముందే చెప్పాలిగా!" అన్నారు సెక్రటరీ గారు.

"ఎవరడిగారండీ?" అంది ఆవిడ.

ఆయన అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "మొక్కడమేగా, ఇంకా కొయ్యలేదుగా. అయ్యగారు ఒక ప్రార్థన చేస్తే పవిత్రమైపోదూ?"

"సార్," అన్నాను మైకు దించకుండా, "బియ్యానికి అమ్మవారు సంచి మీద ఉంది కాబట్టి సంచి తిరగేశాం. మేకను ఎటు తిరగేద్దాం?"

వెనక కూర్చున్న పల్లె జనం మొదటిసారి నవ్వారు. తెనాలి నుంచి వచ్చినవాళ్ళూ నవ్వారు. వాళ్ళతో వచ్చిన నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసిన చూపులో రాత్రికి నాకు అన్నం ఉండదని ఉంది.

ఇప్పుడు ఇంకో చిక్కు. మేక వద్దన్న ఆసామి డబ్బు వెనక్కి ఇమ్మన్నాడు. డబ్బు అనగానే సెక్రటరీ గారి మొహం మళ్ళీ ఆఫీసు మొహం అయింది. ఇద్దరూ స్టేజీ వెనక్కి వెళ్ళి గుసగుసలాడారు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. అలాంటి నవ్వులు చూసినప్పుడు నేను జేబు తడుముకుంటాను.

సెక్రటరీ గారు ప్రకటించారు. "సోదరుడి ఉదార విరాళంతో, బాధిత మహిళకు జీవనోపాధి నిమిత్తం పాడి మేకను అందజేస్తున్నాం."

"పాడి మేకా సార్? గడ్డం ఉంది," అన్నాను.

"ఫోటోలో కనపడదులే."

ఆవిడను ఫ్లెక్సు ముందు నిలబడమన్నారు. ఒక పక్క ఆసామి, చేతులు ఇంకా వెనకే. ఇంకో పక్క సెక్రటరీ గారు, చేతులు ముందు. ఆవిడ కదల్లేదు.

"నాది నాకిచ్చినట్టు నేనెందుకు నిలబడాలి?"

"నిలబడక్కా," అన్నాను. "నిలబడితే తాడు నీ చేతికొస్తుంది. తాడు వచ్చాక ఫోటో ఎవడిక్కావాలి?"

"అయితే మైకులో చెప్పించు. ఇది ముందు నుంచీ నాదేనని చెప్పించు. అప్పుడు నిలబడతా. లేకపోతే రేపు మా పల్లెలో, చర్చోళ్ళు దానమిచ్చిన పోతుని గంగమ్మకు కోసిందంటారు. ఒకళ్ళు పెట్టిన దానంతో నా మొక్కు తీరుద్దా?"

నేను గెలిచాననుకుంటున్నాను, అసలు చిక్కు ఇంకా అక్కడే ఉంది. తాడు చేతికి రావడం ఒక్కటే చాలదు. దానమైన పోతును గంగమ్మ తల్లి తీసుకోదు. కొడుకు నీళ్ళలోకి దిగడు.

సెక్రటరీ గారు అడ్డంగా తల ఊపారు. అలా చెబితే విరాళం రద్దవుతుందన్నారు. ఆసామి గడియారం చూసుకున్నాడు. నేను చెబుదామని మైకు ఎత్తాను గానీ నా మాటకు విలువేముంది, ఇందాకటి నుంచీ గుమ్మడికాయలను బంగారమని అమ్ముతున్న గొంతు.

అప్పుడు అయ్యగారు లేచారు. నా దగ్గరికి వచ్చి మైకు అడిగారు. సెక్రటరీ గారు, "అయ్యగారూ, ప్రార్థన తర్వాత చేద్దురుగాని" అంటూనే ఉన్నారు.

"ఈ జీవం ఈమెదే," అన్నారు అయ్యగారు. "మనం ఇచ్చింది కాదు. పొరపాటున మనం తీసుకున్నాం."

అంతే. మైకు నాకిచ్చి వెళ్ళి కూర్చున్నారు. ఆ రెండు ముక్కలు మాట్లాడడానికి ఆయన దేన్నీ ప్రార్థనలో పెట్టలేదు.

ఆవిడ వెళ్ళి ఫ్లెక్సు ముందు నిలబడింది. నవ్వమన్నారు, నవ్వలేదు. ఫోటో అయ్యాక ఆ ఫ్లెక్సు ఇమ్మని అడిగింది. తన బొమ్మ ఇంట్లో పెట్టుకుంటుందని సెక్రటరీ గారు మురిసిపోయి, స్వయంగా తాళ్ళు విప్పి చుట్టి ఇచ్చారు.

పోతునూ ఫ్లెక్సునూ అవిశాకునూ ముసలి మామనూ నా ఆటోలోనే పల్లె వెనక గట్టు మీదున్న వాళ్ళ చుట్టాలింటి దాకా దించాను. దారి పొడుగునా పోతు నా మైకు వైరు నముల్తూనే ఉంది.

పల్లె జనం ఆ గట్టు మీదే పాకలు వేసుకున్నాక, మొక్కు తీర్చే రోజు ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళాను. గంగమ్మ గుడి అంటే పెద్దగా ఏమీ లేదు, అరుగు సగం అల పట్టుకుపోయింది, పసుపు రాసిన రాయి మిగిలింది. పని అయ్యాక మాంసం ఇంటింటికీ పోగులు పెట్టాలి. కింద పరచడానికి ఫ్లెక్సు తెచ్చారు. కమిటీ అంతా ఇసుక మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ నవ్వుతోంది. సెక్రటరీ గారి నుదుటి మీద ఒక పోగు, ఆసామి మెడ కింద ఒక పోగు. మూలనున్న ఎర్ర గాజుల చేతుల మీద ఏం పెట్టకుండా వదిలేశారు.

ఆవిడ నాకొక పోగు ఆకులో కట్టి ఇచ్చింది.

"అయ్యగారికి కూడా తీద్దామంటే, తినరుగా?"

"తినరక్కా."

"అయితే ఇది ఇవ్వు." ఎండు చేపల కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. "వీటికి మొక్కేం లేదని చెప్పు."

"సెక్రటరీ గారికేం లేదా?"

ఆవిడ ఫ్లెక్సు వైపు చూసింది. "ఆయన దగ్గరే చాలా ఉంది" అని, కొంగు దోపుకుని నీళ్ళ వైపు నడిచింది. అక్కడ వాళ్ళబ్బాయి ఎవరిదో అరువు పడవకు భుజం పెట్టి తోస్తున్నాడు. ఆవిడ వెళ్ళి రెండో పక్క పట్టుకుంది.